క్రెడిట్ యూనియన్ – మన డబ్బు, మన లెక్క

పోయిన ఉగాది నాడు కార్యక్రమం ముగిశాక, పులిహోర పళ్ళాలు చేతబట్టుకుని పదిమందిమి హాల్లో ఒక మూల చేరాం. ఇండియా నుంచి కొత్తగా వచ్చి రెసిడెన్సీలో చేరిన ఒక తమ్ముడు నా పక్కకు వచ్చి, “అన్నగారూ, కారు లేకపోతే ఇక్కడ ఒక్కరోజు గడిచేలా లేదు. కొందామంటే షాపువాడు పద్దెనిమిది శాతం వడ్డీ అంటున్నాడు. అప్పు చేసిన చరిత్ర నాకు లేదట, అందుకని అప్పు ఇవ్వడం కష్టమట. అప్పు చేయకపోవడం కూడా తప్పేనా?” అని వాపోయాడు.

“మీ ఆస్పత్రిలో క్రెడిట్ యూనియన్ వుందేమో కనుక్కున్నావా?” అన్నాను.

అతను తెల్లమొహం వేశాడు. అతనంటే కొత్తవాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ దేశంలో కాపురం వుంటున్న ఒక ఇంజనీరుగారు కూడా “అంటే కార్మిక సంఘమా డాక్టరుగారూ? సమ్మెలు చేయిస్తారా?” అని అడిగారు. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు అయ్యాక సంపాదకులవారు నా భుజం తట్టి, “నవ్వితే సరిపోదు, నాలుగు పేజీలు రాసి ఇవ్వండి” అన్నారు. ఆ ఆజ్ఞ ఫలితమే ఈ వ్యాసం. నేను వైద్యుణ్ణే గాని బ్యాంకు మనిషిని కాను. అయినా ఈ విషయం మీద నాకు సొంత అనుభవం ఒకటి, సొంత భయం ఒకటి వున్నాయి. ముందు భయం సంగతి చెబుతాను.

సహకారం అంటే మా ఇంట్లో భయం

మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. హైదరాబాదులో మా వీధి చివర ఒక అర్బన్ సహకార బ్యాంకు వుండేది. పెద్ద బ్యాంకుల కంటే ఒకటి రెండు శాతం వడ్డీ ఎక్కువ ఇచ్చేవారు. వెళితే కుర్చీ వేసి మాట్లాడేవారు. “మనవాళ్ళదే మాస్టారూ” అనేవారు. మా అక్కయ్య పెళ్ళి కోసం పన్నెండేళ్ళు కూడబెట్టిన 2,40,000 రూపాయలు నాన్నగారు అందులో వేశారు. 2001, 2002 ప్రాంతాల్లో హైదరాబాదులో కొన్ని అర్బన్ సహకార బ్యాంకులు వరసగా కుప్పకూలిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. మా వీధి చివర బ్యాంకు కూడా ఆ జాబితాలోదే. నేను తొమ్మిదో తరగతి చదువుతున్న రోజుల్లో, ఒక పొద్దున్న పాలు తేవడానికి వెళితే, ఆ బ్యాంకు షట్టరుకు తాళం, తాళం పైన ఒక కాగితం, కాగితం ముందు వందమంది జనం.

ఆ రోజుల్లో డిపాజిట్ల మీద ప్రభుత్వ బీమా లక్ష రూపాయల వరకే వుండేది. 2020లో గాని దాన్ని 5 లక్షలు చేయలేదు. ఆ లక్ష చేతికి రావడానికి నాన్నగారు ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. మిగిలిన డబ్బు పోయింది. అక్కయ్య పెళ్ళి రెండేళ్ళు వెనక్కి వెళ్ళింది. అమ్మ చేతికి వున్న బంగారు గాజులు మళ్ళీ కనబడలేదు. అప్పటినుంచి మా ఇంట్లో “సహకారం” అనే మాట తిట్టుతో సమానం. నేను అమెరికా బయలుదేరుతుంటే నాన్నగారు చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి ఇది: “సంఘం, సొసైటీ అని ఎవరన్నా వస్తే గుమ్మంలోంచే పంపించెయ్యి.”

ఆస్పత్రి నేలమాళిగలో ఒక కిటికీ

2014లో ఒహాయో రాష్ట్రంలో రెసిడెన్సీలో చేరాను. నాకూ ఆ తమ్ముడి పరిస్థితే. జేబులో ఎం.బి.బి.ఎస్. పట్టా వుంది, ఆస్పత్రి ఇచ్చిన ఉద్యోగపు ఒప్పందం వుంది, క్రెడిట్ స్కోరు మాత్రం లేదు. పెద్ద బ్యాంకు ఒకటి ససేమిరా అంది. కార్ల దుకాణం వాడు ఇస్తానన్నాడు గాని, ఆ వడ్డీతో కారు ఖరీదు ఒకటిన్నర రెట్లవుతుందని లెక్కల మాస్టారి కొడుకుగా కాగితం లేకుండానే చెప్పగలను.

మా వార్డులో పనిచేసే పెద్ద నర్సు ఒకావిడ, “కింద లాండ్రీ పక్కన మన యూనియన్ వుంది కదా, వెళ్ళలేదా?” అంది. వెళ్ళాను. ఒక చిన్న గది, రెండు కిటికీలు, ముగ్గురు ఉద్యోగులు. నా ఒప్పంద పత్రం, వీసా కాగితాలు, మొదటి జీతం చీటీ చూశారు. 5 డాలర్లు కట్టించుకుని, సభ్యత్వ ఖాతా తెరిచారు. రెండు రోజుల్లో 9,000 డాలర్లు, ఆరున్నర శాతం వడ్డీకి మంజూరు చేశారు. అప్పు ఇచ్చిన అమ్మాయి, “మీరు మా ఖాతాదారు కాదు డాక్టర్, ఈ సంస్థ యజమానుల్లో ఒకరు” అంది. మర్యాదకు నవ్వాను గాని, నాకు లోపల గుండె ఝల్లుమంది. “మనవాళ్ళదే మాస్టారూ” అన్న మాట చెవిలో మోగింది. సంతకం పెట్టిన రోజు రాత్రే ఈ సంస్థల గురించి చదవడం మొదలుపెట్టాను.

అసలు ఇది ఏమిటి?

మనకు చీటీలు తెలుసు. ఇరవైమంది చేరి నెలకింత వేసుకుంటారు. అవసరం వున్నవాడు పాట పాడి, కొంత నష్టపోయి, ముందుగా ఎత్తుకుంటాడు. మిగిలినవారు ఆ నష్టాన్ని లాభంగా పంచుకుంటారు. క్రెడిట్ యూనియన్ కూడా నలుగురి డబ్బు కలిపి, అవసరమైనవారికి ఇచ్చే ఏర్పాటే. తేడా ఏమిటంటే, ఇక్కడ గరజు ఎక్కువ వున్నవాడు ఎక్కువ పాడనక్కరలేదు. ఆదాయాన్నీ, తీర్చే శక్తినీ చూసి, ముందే ప్రకటించిన రేటుకు ఇస్తారు.

దీనికి వాటాదారులు వేరే ఎవరూ లేరు. డబ్బు దాచుకున్నవాళ్ళే వాటాదారులు. అందుకే ఇక్కడ పొదుపు ఖాతాను “షేరు ఖాతా” అంటారు, దాని మీద వచ్చే వడ్డీని “డివిడెండు” అంటారు. ఖాతాలో 5 డాలర్లున్నా, 5 లక్షల డాలర్లున్నా ఓటు ఒకటే. డైరెక్టర్లను సభ్యులే ఎన్నుకుంటారు. ఫెడరల్ యూనియన్లలో డైరెక్టర్లు దాదాపు అందరూ జీతం లేకుండా పనిచేసేవారే. మిగులు వస్తే కొంత నిలవ నిధికి పోతుంది. మిగతాది తక్కువ వడ్డీ అప్పులుగా, ఎక్కువ డివిడెండుగా, తక్కువ రుసుములుగా సభ్యులకే తిరిగి వస్తుంది. ఫెడరల్ ఆదాయపు పన్ను కూడా వీటికి లేదు.

ఎవరు పడితే వారు చేరడానికి వుండదు. సభ్యుల మధ్య ఏదో ఒక బంధం వుండాలి. ఒకే ఆస్పత్రిలో పనిచేయడం కావచ్చు, ఒకే సంఘంలో సభ్యులవడం కావచ్చు, ఒకే ఊళ్ళో వుండడం కావచ్చు. ఈ బంధాన్ని ఎంతవరకు సాగదీయవచ్చో అనే విషయం మీద బ్యాంకులకూ యూనియన్లకూ పెద్ద వ్యాజ్యం నడిచింది. 1998 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు బ్యాంకుల పక్షాన తీర్పు చెప్పింది. అదే సంవత్సరం ఆగస్టులో కాంగ్రెసు కొత్త చట్టం చేసి, వేరు వేరు బృందాలు ఒకే యూనియన్‌లో చేరడానికి దారి ఇచ్చింది.

2024 చివరికి ఈ దేశంలో ఫెడరల్ బీమా వున్న క్రెడిట్ యూనియన్లు దాదాపు 4,450. సభ్యులు 14 కోట్లకు పైన. ఆస్తులు సుమారు 2.3 లక్షల కోట్ల డాలర్లు. అంటే మనం వినలేదు గాని, ఈ దేశంలో ప్రతి అయిదుగురిలో ఇద్దరు ముగ్గురింటికి ఈ సంగతి తెలిసిందే.

మద్రాసు మీదుగా, కలకత్తా మీదుగా వచ్చిన విద్య

నాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించింది దీని చరిత్ర. ఈ చెట్టు విత్తనం జర్మనీది. అక్కడ రైఫైజన్ అనే గ్రామాధికారి 1846-47 కరువులో పేదలకు రొట్టె అందించడానికి ఒక సంఘం పెట్టాడు. దానధర్మాలతో రైతు అప్పుల ఊబి నుంచి బయటపడడని అనుభవం మీద తెలుసుకుని, 1864లో రైతుల సొంత పరపతి సంఘం స్థాపించాడు. పట్టణాల్లో చేతిపనులవారికోసం షుల్జ్ అనే మరొక పెద్దమనిషి 1850లోనే అటువంటి పని మొదలుపెట్టాడు.

ఇక మన సంగతి. మన సర్కారు జిల్లాలూ, రాయలసీమా మద్రాసు రాష్ట్రంలో వున్న రోజులవి. షావుకారు వడ్డీల కింద రైతులు నలిగిపోతున్నారని, ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని మద్రాసు ప్రభుత్వం విచారణకు నియమించింది. ఆయన యూరపు అంతా పరిశీలించి, 1895లో, 1897లో రెండు సంపుటాల నివేదిక సమర్పించాడు. కొండంత నివేదిక రాసి, చివరకు సారాంశంగా ఆయన చెప్పింది ఒక్కటే: ఈ దేశానికి కావలసింది ఒక రైఫైజన్, అటువంటివాణ్ణి వెతికి పట్టుకోండి అని. ఆ నివేదిక తర్వాతి ఆలోచనలకు పునాది అయింది. 1904లో ఇండియాలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

1907లో బోస్టన్‌కు చెందిన ఎడ్వర్డ్ ఫైలీన్ అనే వర్తకుడు ప్రపంచయాత్ర చేస్తూ ఇండియా వచ్చాడు. బట్టల దుకాణం సంపన్నుడు. బెంగాలులో సహకార సంఘాల రిజిస్ట్రారుగా వున్న గూర్లే అనే అధికారి ఆయనకు ఈ పల్లె పరపతి సంఘాల పని వివరించాడు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని రైతులు ఒకరికొకరు హామీ వుండి అప్పు తీసుకోవడం, తీర్చడం ఫైలీన్ మనసులో నాటుకుపోయింది. తిరిగి వెళ్ళాక మసాచుసెట్స్ బ్యాంకుల కమిషనర్ పియర్ జేతో చేయి కలిపాడు. 1909లో ఆ రాష్ట్రం క్రెడిట్ యూనియన్ల చట్టం చేసింది. ఆ తర్వాత ఫైలీన్ తన సొంత డబ్బు పది లక్షల డాలర్లదాకా ఈ ఉద్యమం మీద ఖర్చుపెట్టాడు. రాయ్ బెర్గెన్‌గ్రెన్ అనే న్యాయవాదిని నియమించి రాష్ట్రం తర్వాత రాష్ట్రం తిప్పాడు. 1934 జూన్ 26న రూజ్‌వెల్ట్ ఫెడరల్ చట్టం మీద సంతకం చేశాడు.

రెండో పాయ కెనడా నుంచి వచ్చింది. ఆల్ఫోన్స్ దెజార్దాఁ అనే ఆయన ఒట్టావా పార్లమెంటులో చర్చలు రాసుకునే ఉద్యోగి. 1897లో వడ్డీ వ్యాపారుల మీద జరిగిన చర్చలో, 150 డాలర్ల అప్పుకు 5,000 డాలర్లు కట్టవలసి వచ్చిన ఒక మనిషి సంగతి విని, నిద్రపట్టక, 1900లో లెవీ అనే ఊళ్ళో సొంత ఇంట్లోనే ప్రజల ఖజానా ఒకటి స్థాపించాడు. ఆయన పార్లమెంటు పని మీద వుంటే, లెక్కలూ పద్దులూ ఆయన భార్య దొరిమేన్ చూసేది. 1901 జనవరిలో మొదటిరోజు వసూలు 26 డాలర్ల 40 సెంట్లు. ఆయన సాయంతోనే న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో మాంచెస్టర్ ఊరి మిల్లు కార్మికులకోసం 1908లో అమెరికాలో మొదటి క్రెడిట్ యూనియన్ మొదలైంది.

కనుక మిత్రులారా, ఎప్పుడైనా క్రెడిట్ యూనియన్ కిటికీ ముందు నిలబడితే, పరాయి ఇంట్లో నిలబడ్డామనుకోకండి. మన పల్లెల అప్పుల బాధ మీద జరిగిన ఆలోచన, కలకత్తా మీదుగా బోస్టన్ చేరి, వందేళ్ళ తర్వాత మనకే కారు లోనుగా తిరిగి వచ్చింది.

సభ్యులకు ఏమిటి లాభం?

ఒకటి, వడ్డీ. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు అప్పు మీద వసూలు చేయగల వడ్డీకి చట్టమే హద్దు పెట్టింది. చట్టంలో అది 15 శాతం. 1987 నుంచి పర్యవేక్షక బోర్డు మళ్ళీ మళ్ళీ పొడిగిస్తూ 18 శాతంగా వుంచుతోంది. క్రెడిట్ కార్డులకూ ఇదే హద్దు. బయట కార్డుల వడ్డీ ఎంతో మీ నెలవారీ బిల్లు అడుగున సన్న అక్షరాల్లో చూసుకోండి.

రెండు, ముందుగా తీర్చేస్తే ఫెడరల్ యూనియన్లలో జరిమానా లేదు. మనవాళ్ళకు అప్పు త్వరగా తీర్చేసి నిద్రపోవడం అలవాటు కనుక ఇది ముఖ్యం. నేను ఐదేళ్ళ అప్పు మూడేళ్ళలో తీర్చేశాను.

మూడు, భద్రత. ఫెడరల్ బీమా వున్న యూనియన్‌లో ఒక్కొక్కరి డబ్బుకు 2,50,000 డాలర్ల వరకు ప్రభుత్వ పూచీ వుంది. ఈ బీమా నిధి 1970లో ఏర్పడింది. బీమా పరిధిలో వున్న పొదుపులో ఒక్క సెంటు కూడా ఎవరూ నష్టపోలేదు. ఈ వాక్యం చదివిన రోజున నేను నాన్నగారికి ఫోను చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

నాలుగు, కొత్తవారికి దారి. చాలా యూనియన్లు పొదుపు సొమ్ము హామీగా పెట్టుకుని చిన్న అప్పు ఇస్తాయి. అది నెలనెలా తీరుస్తూ పోతే క్రెడిట్ చరిత్ర ఏర్పడుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని భార్యకో భర్తకో పన్నుల శాఖ ఇచ్చే నంబరుతో ఖాతా తెరిచే యూనియన్లు కూడా కొన్ని వున్నాయి.

మాత్రలు సగం చేసిన మనిషి

లాభం సంగతి ఇలా వుండగా, సేవ సంగతి ఒక అనుభవం ద్వారా చెబుతాను. మనిషి గుర్తు తెలియకుండా వివరాలు కొద్దిగా మార్చాను.

2016లో నా క్లినిక్కుకు ఒకావిడ వచ్చేది. శుభ్రత పనులు చేసే ఉద్యోగి. రక్తపోటు ఎంతకీ అదుపులోకి రావడం లేదు. మందు పెంచాను, ఇంకొకటి చేర్చాను. ఏం లాభం లేదు. మూడోసారి వచ్చినప్పుడు మందుల సీసా తెమ్మని చూస్తే, నెలనాడు అయిపోవలసిన మాత్రలు సగం మిగిలి వున్నాయి. గట్టిగా అడిగితే కన్నీళ్ళు పెట్టుకుని, మాత్రలు సగానికి విరిచి వేసుకుంటున్నానని చెప్పింది.

కారణం జీతపు అప్పు. కారు బాగుచేయించడానికి వీధి దుకాణంలో 500 డాలర్లు తీసుకుంది. రెండు వారాలకు రుసుము 75 డాలర్లు. రెండు వారాల్లో అసలు తీర్చలేక, మళ్ళీ 75 కట్టి గడువు పొడిగించుకుంది. అలా పదిసార్లు. 750 డాలర్లు కట్టింది, 500 అప్పు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే వుంది. నూటికి రెండు వారాలకు 15 అంటే సంవత్సరానికి 390 శాతం. మన ఊళ్ళో కాబూలీవాలా కూడా సిగ్గుపడే వడ్డీ అది.

నేను మందు చీటీ పక్కన పెట్టి, కింద లాండ్రీ పక్కన గదికి వెళ్ళమని చీటీ రాశాను. ఫెడరల్ యూనియన్లు ఇలాంటి ఊబిలో పడినవారికోసం ఒక ప్రత్యేకమైన చిన్న అప్పు ఇవ్వడానికి 2010లో అనుమతి వచ్చింది. 200 నుంచి 1,000 డాలర్ల వరకు, ఆరు నెలల గడువు దాకా, వడ్డీ 28 శాతం మించకూడదు, దరఖాస్తు రుసుము 20 డాలర్లు మించకూడదు. గడువు పొడిగించి మళ్ళీ రుసుము గుంజడం కుదరదు. 2019లో ఇంకొక రకం చేర్చి హద్దు 2,000 డాలర్లకు పెంచారు. ఆవిడకు 500 ఇచ్చారు. నెలకు 90 డాలర్ల చొప్పున ఆరు నెలల్లో తీరిపోయింది. మొత్తం వడ్డీ 42 డాలర్లు, దానికి 20 రుసుము. రెండు నెలలు తిరిగేసరికి, నేను కొత్త మందు ఏదీ రాయకుండానే, రక్తపోటు దిగింది. ఆ నెలల్లో నేను చేసిన వైద్యాల్లో అదే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇటువంటివి దేశమంతటా జరుగుతున్నాయి. 2018 డిసెంబరు చివరనుంచి 2019 జనవరి దాకా 35 రోజులపాటు ఫెడరల్ ప్రభుత్వం మూతబడి ఉద్యోగులకు జీతాలు ఆగిపోయినప్పుడు, చాలా యూనియన్లు తమ సభ్యులకు వడ్డీలేని అప్పులిచ్చి ఇల్లు గడిచేలా చూశాయి. అందులో ఒకటి నౌకాదళం వారిది. 1933లో ఏడుగురు సభ్యులతో మొదలై, ఇప్పుడు కోటి దాటిన సభ్యులతో ఈ దేశంలో అన్నింటికంటే పెద్దది అదే. పిల్లల ఆస్పత్రుల కోసం 1996 నుంచి యూనియన్లన్నీ కలిసి విరాళాలు వసూలు చేస్తున్నాయి. స్కూళ్ళలో పిల్లలకు పొదుపు నేర్పడం, తక్కువ ఆదాయం వారికి పన్ను పత్రాలు ఉచితంగా నింపిపెట్టడం కూడా చాలాచోట్ల చేస్తున్నారు.

అంతా బంగారమేనా?

కాదు. ఇది కూడా చెప్పకపోతే నేను మా వీధి చివర బ్యాంకు వారి ఏజెంటు లాగా మాట్లాడినట్లవుతుంది.

న్యూయార్కు టాక్సీల సంగతి మీరు వినే వుంటారు. టాక్సీ నడపడానికి నగరం ఇచ్చే లైసెన్సు బిళ్ళ ధర 2014 నాటికి పది లక్షల డాలర్లు దాటింది. పంజాబు, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి వచ్చిన డ్రైవర్లు ఎందరో ఆ ధరకు అప్పు చేసి కొన్నారు. ఆ అప్పుల్లో చాలా భాగం ఇచ్చినవి టాక్సీలకోసమే వెలసిన క్రెడిట్ యూనియన్లు. ఫోను నొక్కితే వచ్చే కార్లు దిగాక బిళ్ళ ధర రెండు లక్షల డాలర్ల దరిదాపులకు కూలింది. అప్పు మాత్రం కూలలేదు. 2018లో కొందరు డ్రైవర్లు ప్రాణాలు తీసుకున్నారు. మెల్‌రోజ్, లోమ్టో అనే రెండు యూనియన్లు అదే సంవత్సరం మూతపడ్డాయి. బీమా పరిధిలోని పొదుపుదారులకు నష్టం రాలేదు. అప్పు తీసుకున్న డ్రైవర్ల గోడు మాత్రం 2021లో వారు నిరాహారదీక్షకు కూర్చునేదాకా తీరలేదు. అప్పుడు గాని నగరం హామీ ఇచ్చి, ఒక్కొక్క అప్పును 1,70,000 డాలర్లకు దించే ఒప్పందం కుదరలేదు.

ఈ రెండు యూనియన్లకూ, మా వీధి చివర బ్యాంకుకూ పోలిక ఏమిటని ఆలోచించాను. వైద్యభాషలో చెప్పాలంటే రోగం ఒకటే. ఒకే రకం ఆస్తి మీద కుప్పలుగా అప్పులివ్వడం, ధర ఎప్పటికీ పెరుగుతుందనుకోవడం, లెక్క అడగవలసినవాళ్ళు అడగకపోవడం. సహకారం అన్న పేరు ఈ రోగానికి మందు కాదు. పేరు చూసి నమ్మడమే రోగానికి మొదలు.

లెక్క చూసేది ఎవరు?

అందుకే ఆరేళ్ళ కిందట మా యూనియన్ వారు వాలంటీర్లు కావాలని ఒక కాగితం అంటించినప్పుడు, నేను పర్యవేక్షణ సంఘానికి పేరు ఇచ్చాను. ఫెడరల్ యూనియన్లలో డైరెక్టర్ల బోర్డుకు తోడు ముగ్గురి నుంచి అయిదుగురి దాకా సభ్యులతో ఈ సంఘం ఒకటి విధిగా వుండాలి. ఏటా ఆడిటు జరిపించాలి. రెండేళ్ళకు ఒకసారైనా సభ్యుల ఖాతాలు సరిచూడాలి. మేము ఆడిటరుతో కూర్చుని, ఏ రకం అప్పు ఎంత పెరిగింది, బకాయిలు ఎన్ని, డైరెక్టర్లకూ ఉద్యోగులకూ ఇచ్చిన అప్పులేమిటి అని ఒక్కొక్క పద్దు అడుగుతాం. “మీ ఖాతాలో ఇంత వున్నట్లు మా పుస్తకాల్లో వుంది, సరేనా? తేడా వుంటే మాకే రాయండి” అని సభ్యులకు ఉత్తరాలు వెళతాయి. పైసా జీతం లేదు. చలికాలం సాయంకాలాలు నాలుగైదు పోతాయి. మా ఆవిడ మొదట్లో విసుక్కునేది. మా అక్కయ్య పెళ్ళి సంగతి చెప్పాక ఇక విసుక్కోలేదు.

మన దగ్గర సహకారం అంటే మూతపడ్డ షట్టరే అని కూడా అనుకోకండి. పాత కరీంనగర్ జిల్లాలో ములుకనూరు అనే ఊరుంది. అక్కడ ఎ.కె. విశ్వనాథరెడ్డిగారి చొరవతో 1956లో రైతులు పెట్టుకున్న పరపతి, మార్కెటింగు సంఘం అప్పులివ్వడంతో ఆగకుండా, ఎరువులు, విత్తనాలు అమ్మి, ధాన్యం కొని, సొంత రైసుమిల్లులు నడిపి, దేశంలోనే పేరున్న సంఘంగా నిలబడింది. అదే ఊరి స్త్రీలు 2000లో సొంతంగా సహకార డెయిరీ పెట్టుకున్నారు. అక్కడా ఇక్కడా మనిషి ఒకడే. తేడా అంతా సభ్యులు ఇది తమ సొత్తు అనుకున్నారా లేదా అన్నదే.

చేరదలచినవారికి నాలుగు మాటలు

మీ ఆస్పత్రి, యూనివర్సిటీ, కంపెనీ, ఊరు, వీటిలో దేనికైనా యూనియన్ వుందేమో ఉద్యోగుల విభాగంలో అడగండి. కుటుంబంలో ఒకరు సభ్యులైతే మిగతావారు కూడా చేరడానికి సాధారణంగా వీలుంటుంది. తలుపు మీద ఫెడరల్ బీమా గుర్తు వుందో లేదో తప్పక చూడండి. కొన్ని రాష్ట్రాల యూనియన్లకు ప్రైవేటు బీమా మాత్రమే వుంటుంది, దానికి ప్రభుత్వ పూచీ లేదు. అప్పు అడిగే ముందు బయట రెండు మూడుచోట్ల రేటు కనుక్కోండి. అన్ని వేళలా యూనియన్ రేటే తక్కువని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏటా వచ్చే వార్షిక నివేదిక చదవండి. అర్థం కాని అంకె వుంటే అడగండి. అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

ఇక ముగిస్తాను. 2023లో అమ్మా నాన్నగారూ మా దగ్గర ఆరు నెలలున్నారు. ఆ వసంతంలో మా యూనియన్ వార్షిక సభ ఆస్పత్రి కాఫెటేరియాలో జరిగింది. నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. నలభైమంది దాకా వచ్చారు. అంతస్తులు తుడిచే ఒక పెద్దాయన లేచి, చెక్కు వాపసు రుసుము ఎందుకు పెంచారని అడిగాడు. మా ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు ఆ సంవత్సరం బోర్డు అధ్యక్షుడు. ఆయన కాగితాలు తిరగేసి, అయిదు నిమిషాలు సంజాయిషీ చెప్పుకున్నాడు. పెద్దాయనకు తృప్తి కలగలేదు, మళ్ళీ అడిగాడు. ఆ రుసుము సంగతి బోర్డు తిరిగి చూస్తుందని మినిట్సులో రాసుకున్నాక గాని ఆయన కూర్చోలేదు. నాన్నగారు ఎవరేమంటున్నారని నా చెవిలో అడుగుతూ అంతా విన్నారు.

ఇంటికి వస్తుంటే కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఊరి దారి మళ్ళాక అన్నారు: “మన బ్యాంకులో కూడా ఏటేటా సభ జరిగేదిరా. ఇంటికి కార్డు వచ్చేది. ఆదివారం కదా, ఎవడు వెళతాడులే అని నేను వెళ్ళేవాణ్ణి కాను. లెక్కల మాస్టార్ని, ఒక్కసారి వెళ్ళి ఆ లెక్క చూసి వుంటే...”

ఆ వాక్యం ఆయన పూర్తిచేయలేదు. నేనూ చేయను. మీ ఇంటికి వార్షిక సభ కార్డు వస్తే మాత్రం, దయచేసి చెత్తబుట్టలో వేయకండి.